అనాస వచ్చిన దారి

“పైనాపిల్ కోశాను, రండి మామయ్యా!”

కొత్త కోడలు వంటింట్లోంచి పిలవగానే మామగారు హుషారుగా లేచారు. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. ఈ ఇంట్లో ఎవరి నోట పరాయి మాట దొర్లితే ఆ పూట గిన్నెలు వాళ్లే తోమాలని ఆయన పెట్టిన చట్టం. కోడలు కాపురానికొచ్చింది మొదలు ఏ పూట చూసినా సింకు దగ్గర ఆమే.

“దొరికిపోయావమ్మాయ్! అది అనాస. పెద్దలు పెట్టిన పేరుండగా పరాయి మాటెందుకు?”

“పెద్దలు పెట్టిందే మామయ్యా, కాకపోతే మన పెద్దలు కాదు. సముద్రాల అవతల, ఈ పండు పుట్టినచోట జనం దాన్ని ‘ననాస్’ అనేవారట. శ్రేష్ఠమైన పండని అర్థమట. పండూ పేరూ కలిసే ఓడెక్కి వచ్చాయి.”

ఆయన నమ్మలేదు. లావుపాటి నిఘంటువు తీసి చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.

“అయితే ఇన్నేళ్లూ బళ్లో పరాయి మాటే నేర్పానన్నమాట!”

“వచ్చి మీ అందరిలో ఇంతలా కలిసిపోయాక కూడా ఇంకా పరాయిదేనా మామయ్యా?”

మామగారు ఆమె వైపు చూశారు. నీళ్లలో నాని ముడతలు పడ్డ ఆమె వేళ్ల వైపూ చూశారు. నెమ్మదిగా చొక్కా చేతులు పైకి మడిచారు.

“జరుగు తల్లీ. చట్టం చట్టమే. ఆ సబ్బు ఇలా ఇవ్వు.”

అత్తగారు పండుముక్క నోట్లో వేసుకుంటూ, “సబ్బు మన మాటేనా?” అని కోడల్ని అడిగింది.

“అదీ ఓడ దిగిందే అత్తయ్యా.”

“అయితే రాత్రి గిన్నెలూ మీవేనండీ!”

“రాత్రికి ఆ చట్టం ఉంటే కదా!” అన్నారు మామగారు.