తిరగబడని పడవ

"మూడోది కూడా పచ్చే చూపిస్తున్నది అంకుల్," అన్నాడు యోగేందర్.

సాంబమూర్తి కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. తెర మీద పడవ పచ్చగానే ఉంది. పచ్చగా ఉంటే క్షేమం. ఎర్రబడితే తిరగబడుతుందని లెక్క.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాల పక్కన, రెండో అంతస్తులో కిటికీ లేని గది అది. కంప్యూటర్ మీద ఇళ్ల ప్లాన్లు గీయడం నేర్పుతారు. బయట బోర్డు మీద ముప్ఫై కోర్సుల పేర్లున్నాయి, పడవ ఊసు ఒక్కదాంట్లోనూ లేదు. పది రోజుల కిందట ఈ పెద్దాయన గుడ్డ సంచీతో వచ్చాడు. పడవ గీసి, బరువు పెడితే తిరగబడుతుందో లేదో చెప్పే సాఫ్ట్‌వేర్ కొనాలి, ఏది మంచిదో చూపించమన్నాడు. అంతకు ముందు వెళ్ళిన చోటల్లా నవ్వి పంపేశారట. హైదరాబాదులో సముద్రం ఎక్కడుందని అడిగారట. ఆ గది నడిపే యోగేందర్ నవ్వలేదు. వచ్చినవాణ్ణి నవ్వి పంపేసేంత బేరాలు అతనికి లేవు.

సాంబమూర్తిది సముద్ర తీరంలోని తాళ్లరేవు. నలభై ఏళ్ళు చెక్క పడవలు కట్టాడు. కాగితం మీద ఒక్క గీత గీసి ఎరగడు. ఒడ్డున నిలబడి చూసి, ఏ పడవ ఎంత బరువుకి ఎటు ఒరుగుతుందో చెప్పేవాడు. ఆయన మాటకి అక్కడ తిరుగులేదు. ఫైబర్ పడవలంటే మాత్రం మొదట్నుంచీ చిన్నచూపు. చెక్కకున్న బుద్ధి దానికి లేదనేవాడు. అలాంటి మనిషి డెబ్బై దాటాక వచ్చి, మౌస్ పట్టుకోవడం నేర్చుకున్నాడు.

ఎంపికకి ఆయన పెట్టిన పరీక్ష యోగేందర్‌కి తెగ నచ్చింది. అన్నింటికీ ఒకే పడవ, ఒకే బరువు ఇవ్వాలి. ఏది నిజం చెబితే అది కొంటాడు. కొలతలు స్వయంగా తాడు పట్టి తీసుకొచ్చాడు. ఫైబర్ పడవ. పన్నెండు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, అడుగున బల్లపరుపు. అందులో ఇద్దరు మనుషులు. అంచుల మీద అడ్డంగా ఒక బల్ల, బల్ల మీద పడుకున్న పేషెంటు. పేషెంటు బరువు నలభై తొమ్మిది కిలోలు. అది మాత్రం మడతల దగ్గర చిరిగిపోయిన ఆసుపత్రి చీటీ చూసి చెప్పాడు.

రోగుల్ని తీసుకెళ్ళే పడవ కట్టబోతున్నాడని యోగేందర్ అనుకున్నాడు. అదే అడిగాడు.

"ఒక ప్రాణానికి సంబంధించిన లెక్క బాబూ. తప్పు రాకూడదు," అన్నాడు సాంబమూర్తి, అంతే.

మొదటిది ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. పచ్చ చూపించింది. ఊరికే వచ్చేదానికి ఏం తెలుస్తుందని సాంబమూర్తి కొట్టిపారేశాడు. రెండోది ఖరీదైనది, పదిహేను రోజులు వాడి చూడనిస్తారు. అదీ పచ్చే. ఎక్కడో చలిదేశంలో తయారైనదానికి మన నీళ్ళ సంగతి ఏం తెలుసన్నాడు. మూడోది ఓడలు కట్టే కంపెనీలు వాడేది. అల్మాస్‌గూడలో తన పక్కింటాయన తమ్ముడు అలాంటి కంపెనీలోనే పనిచేస్తుంటే, అతణ్ణి బతిమాలి మరీ తెప్పించాడు యోగేందర్.

ఇప్పుడు అది కూడా పచ్చే.

"పేషెంటు బరువు పెంచి చూడు బాబూ."

అరవై పెట్టాడు. పచ్చ. తొంభై. పచ్చ. నూట ఇరవై దాటాక గానీ ఎర్రబడలేదు. ఎర్ర రంగు చూడగానే ముసలాయన ముఖంలోకి ప్రాణం వచ్చింది. అంతలోనే చీటీ వైపు చూసి, నలభై తొమ్మిదికి తగ్గించమన్నాడు. మళ్ళీ పచ్చ. గదిలో గాలి చాలనట్టు చొక్కా పై గుండీ విప్పుకున్నాడు.

యోగేందర్ ఓపిక అయిపోయింది.

"ఏంది అంకుల్, అందరికీ పడవ తేలాలని ఉంటది. మీకేమో మునగాలని ఉన్నట్టుంది. మూడూ ఒక్కటే మాట చెప్తున్నయ్ గదా. ఏదో ఒకటి తీస్కోండి."

"నా కన్ను ఎప్పుడూ తప్పలేదు బాబూ." సాంబమూర్తి తెర దగ్గరికి జరిగాడు. "పేషెంటు కదిలితే? దగ్గొచ్చి పక్కకి ఒరిగితే? అదీ పెట్టి చూడు."

యోగేందర్ అదీ పెట్టాడు. తెర మీద పడవ కొంచెం ఒరిగింది. మళ్ళీ నిదానంగా సర్దుకుని నిలబడింది.

సాంబమూర్తి ఆ లెక్కని ప్రింటు తీయించుకుని, ముందటి రెండింటితో కలిపి సంచీలో పెట్టుకున్నాడు. మెట్రోలో ఎల్బీ నగర్ వెళ్ళాడు. పోయినేడు దాకా చెరువు కింది కాలనీలో, కింది వాటాలో ఉండేవాడు. ఇప్పుడు ఉండేది కూతురు లలితకుమారి దగ్గర, నాలుగో అంతస్తులో.

తలుపు తీసిన లలితకుమారి సంచీ చూసింది, తండ్రి ముఖం చూసింది.

"ఇంక వదిలెయ్యండి నాన్నా," అంది. "మిమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు కదా."

"నాలుగోది ఒకటి ఉందటమ్మా. రేపు వెళ్ళి అడుగుతాను," అన్నాడు సాంబమూర్తి.

పోయిన వర్షాకాలం కాలనీలో నడుం లోతు నీళ్ళు నిలిచిన రోజున, ఆసుపత్రికి తీసుకెళ్ళే రెండో పడవ వచ్చేలోగా ఆయన భార్య కౌసల్యమ్మ కన్నుమూసింది. ఆమె కోసం మొదట గుమ్మం దాకా వచ్చిన ఆ ఫైబర్ పడవని, ఆమెని ఎక్కిస్తే తిరగబడుతుందని చెప్పి వెనక్కి పంపించింది సాంబమూర్తే.