అయిదో మనిషి

"ఇంట్లో ఎంతమంది ఉంటారమ్మా?"

గుమ్మంలో నిలబడ్డ పెద్దాయన చేతిలో పుస్తకం తెరిచి ఉంది.

"నలుగురం" అంది టైలరమ్మ, మిషను ముందు నుంచి లేవకుండానే.

"మీరు, మీ ఆయన..."

"ఇద్దరు పిల్లలు. అంతే."

"వార్డు కమిటీ నుంచి వచ్చానమ్మా. ఏరు పొంగితే ఏ ఇంట్లోంచి ఎవరిని ముందు బయటికి తేవాలో రాసుకుంటున్నాం. నడవలేని వాళ్లు ఎవరైనా..."

"ఎవరూ లేరు."

సరిగ్గా అప్పుడే లోపలి గదిలోంచి దగ్గు వినిపించింది.

"టీవీ అండీ" అంది ఆవిడ చటుక్కున.

"పాపం, టీవీకి దగ్గు పట్టుకున్నట్టుంది. కాస్త వేన్నీళ్లు పట్టించండి."

ఆయన నవ్వుతూనే అన్నాడు. చూపు మాత్రం వరండాలో తీగ మీద ఆరేసిన రబ్బరు షీటు దగ్గర ఆగింది. మంచాన పడ్డ మనిషి ఉన్న ఇంట్లోనే అలాంటిది ఆరుతుంది.

టైలరమ్మకు ఒళ్లు మండింది.

"పొద్దున్నే ఇళ్లలో మనుషుల్ని లెక్కపెట్టడం తప్ప మీకింకేం పని లేదా? నలుగురమని చెప్పానుగా!"

"చెప్పారమ్మా" అని, పుస్తకంలో ఏదో రాసుకుని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడాయన.

ఆవిడ తలుపు గడియ పెట్టింది.

"నన్ను లెక్కలోంచి కొట్టేశావా కోడలా?" అంది మంచం మీంచి అత్తగారు.

"మెల్లిగా అత్తయ్యా, వీధిలోకి వినిపిస్తుంది."

"ఇకమీదట నిన్నడిగే దగ్గుతాలే."

తుంటి ఎముక విరిగి కొడుకింటికి చేరిన ఆవిడ మూడు నెలలుగా మంచం మీదే ఉంది. అద్దెకు దిగేటప్పుడు బ్రోకరు అగ్రిమెంటులో స్పష్టంగా రాయించాడు, నలుగురికి మించి ఉండకూడదని. ఓనరు ఎవరో వీళ్లు ఎప్పుడూ చూడలేదు. ఏదైనా బ్రోకరే. అయిదో మనిషి సంగతి బయటపడితే ఖాళీ చేయమంటారు. లేవలేని మనిషితో వస్తే కొత్తగా ఇల్లెవరిస్తారు?

రెండు నెలలు గడిచాయి.

మూడు రోజులు తెరిపి లేకుండా వాన. నాలుగో రోజు ఉదయం వీధిలోకి నీళ్లొచ్చాయి. బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసే భర్త అక్కడే చిక్కుకుపోయాడు. టైలరమ్మ పిల్లలిద్దరినీ పై వాటాలో వదిలి దిగి వచ్చేసరికి, ఇంట్లో నీళ్లు మోకాళ్లు దాటాయి.

పై వాటాలో ఉన్నది ఒక్క నిండు గర్భిణి. సాయం అడిగే పని లేదు.

అత్తగారి చంకల కింద చేతులు వేసి లేపబోయింది. ఆవిడ బాధతో కేక పెట్టింది.

టైలరమ్మ కిటికీ దగ్గరికి పోయి అరిచింది. వాన హోరులో ఆ అరుపు తనకే సరిగా వినిపించలేదు.

"నువ్వు పైకి పోవే తల్లీ. అక్కడ పిల్లలున్నారు."

"మీరు ఊరుకోండి అత్తయ్యా!"

నీళ్లు పరుపు అంచును తాకాయి. ఆవిడ మంచం మీదికెక్కి, ముసలావిడ తలను తన భుజానికి ఆనించుకుని కూర్చుంది.

"టైలరమ్మగారి ఇల్లు ఇదేనా?"

గుమ్మంలో నలుగురు మనుషులు, నడుముల దాకా తడిసి. వెనక గేటు దగ్గర పడవ.

"అయిదుగురు, ఒకరు లేవలేరు అని రాసుంది. స్ట్రెచరు తెచ్చాం."

టైలరమ్మ వాళ్లకేసి అయోమయంగా చూసింది. "నలుగురమనే చెప్పానండీ..."

"ఆ అయిదో దాన్ని నేను, నాయనా" అంది అత్తగారు. "కుడి తుంటి. చూసి ఎత్తండి."

మధ్యాహ్నానికి అందరూ గట్టున ఉన్న స్కూల్లో చేరారు. అత్తగారు పొడి పక్క మీద నోరు తెరుచుకుని నిద్రపోయింది. ఎవరో వచ్చి ఆవిడ పాదాలకు ఊలు మేజోళ్లు తొడిగి వెళ్లారు. పిల్లలు బ్లాక్‌బోర్డు మీద పడవలు గీస్తున్నారు. డిపో నుంచి కబురొచ్చింది, భర్త క్షేమం. టైలరమ్మ ఆ రోజు మొదటిసారి గుండెల నిండా గాలి పీల్చుకుంది.

కమిటీ కార్యదర్శి పుస్తకంలో టిక్కులు పెట్టుకుంటూ వచ్చాడు. ఆవిడ తమ ఇంటి పేజీ చూపించమంది.

'నలుగురు అన్నారు. అయిదుగురు. ఒకరు లేవలేరు. అడిగి ఇబ్బంది పెట్టొద్దు. ఈ వీధిలో మొదట ఈ ఇంటికే వెళ్లాలి.'

"ఇది రాసినాయన ఎక్కడుంటారండీ? ఒక్కసారి దణ్ణం పెట్టుకోవాలి. ఆ రోజు కూర్చోమని కూడా అనలేదు నేను."

"పోయిన నెలలో పోయారమ్మా. గుండెపోటు. అప్పటికే పుస్తకం పూర్తి చేసి మాకు అప్పగించారు."

ఆవిడ చాలాసేపు ఆ పేజీ మీద నుంచి చెయ్యి తీయలేదు.

ఇంతలో గది గుమ్మంలో బ్రోకరు కనిపించాడు. ఆవిడ గబుక్కున లేచి అత్తగారి పక్కకు అడ్డంగా నిలబడింది. దాచడానికి ఇంకేం మిగల్లేదని వెంటనే తెలిసింది.

"మా అత్తగారండీ. అయిదు నెలల నుంచీ మాతోనే ఉంటున్నారు. ఓనరుగారికి ఎలాగోలా మీరే నచ్చజెప్పాలి."

"నచ్చజెప్పేదేముందమ్మా? అగ్రిమెంటులో నలుగురు కొట్టేసి, అయిదుగురని ఆయన చేత్తోనే రాసి రెండు నెలలైంది. మీకు చెప్పమన్నారు. పనుల్లో పడి నేనే మర్చిపోయాను."

టైలరమ్మ అత్తగారి పక్క అంచున కూర్చుంది. నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది.

"ఆయనకెలా తెలిసిందండీ?"

"'ఓనరునని చెబితే ఉన్న మనుషుల్ని కూడా లేరంటారయ్యా' అని, కమిటీ పుస్తకం చేతబట్టుకుని మీ గుమ్మంలో నిలబడింది ఓనరుగారే కదమ్మా" అన్నాడు బ్రోకరు.