ఒక్కరోజు నొక్కకుండా

శుక్రవారం నాడు రవీందర్ చేయాల్సిన పనులు:

ఫోన్‌ను గురువారం రాత్రే అమ్మకు అప్పగించాలి.
పొద్దున తొమ్మిదింబావు నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా, అంటే షేర్ మార్కెట్ నడిచే వేళంతా, ఇల్లు దాటకూడదు. టీవీ పెట్టకూడదు.
ఏ షేరు కొనాలన్నా ఎందుకు కొంటున్నాడో చీటీ రాసి అమ్మకు ఇవ్వాలి. ఆమె ఒప్పుకుంటేనే కొనాలి.
పోయిన పైసలు రాబట్టాలన్న కోపంతో అసలే కొనకూడదు.
బర్రెల మీద అరవకూడదు.

చివరిది తండ్రి కృష్ణయ్య కలిపించాడు. మిగతావన్నీ రవీందర్ తనంతట తానే నోటుబుక్కులో రాసుకున్నాడు.

హైదరాబాద్ పాతబస్తీలోని ఉప్పుగూడలో వాళ్లకు ఎనిమిది బర్రెలు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు రవీందర్. మూడు నెలలుగా పొద్దున ఫోన్‌లో షేర్లు కొని, సాయంత్రంలోగా అమ్మేస్తున్నాడు. ఆ మూడు నెలల్లో ఒక పాడిబర్రె ఖరీదు పోయింది.

బుధవారం కృష్ణయ్య పంచాయితీ పెట్టాడు.

"ఆఖరి మాట. ఒక్కరోజు నువ్వు రాసుకున్న కాయిదం ప్రకారం నడువు. నడిస్తే ఇంకో మూడు నెలలు ఆడుకో. తప్పితే ఆ యాప్ తీసేసి, తెల్లారి నాలుగింటికి పాలక్యాన్లు బండికి కట్టు. జిందగీ మొత్తం."

"ఆడుడు కాదు బాపు, ట్రేడింగ్."

"ఏదైతేంది, పోయింది నా బర్రె. రేపే చూద్దాం."

"రేపు నాకు తీరదు," అంది తల్లి రాజమణి చాటలో బియ్యం ఏరుతూ. "శుక్రవారం పెట్టున్రి."

శుక్రవారం తొమ్మిదింబావుకు రాజమణి వాకిట్లో మంచమేసుకుని కూర్చుంది. ఫోన్ కొంగుకు ముడేసుకుంది.

తొమ్మిదీ ఇరవైకి మొదటి చీటీ వచ్చింది.

"ఇదేం కంపెనీ? ఏం తయారు జేస్తది?"

"ఏమో. కానీ మస్తు పెరుగుతదమ్మా."

"నీకెట్ల ఎరుక?"

"నిన్న చార్ట్ చూసిన. దాని వాటం చూస్తేనే తెలుస్తది."

"మొన్న మీ బాపు గూడ గిట్లనే బర్రె కడుపు చూసి ఆడదూడ అన్నడు. ఏం పుట్టింది? దున్న. పో, వద్దు."

రెండో చీటీ మీద 'నమ్మకం' అని ఒకే మాట ఉంది. రాజమణి దాంతో ఈగలు తోలింది. మూడో చీటీ మీద 'మొన్న పోయినవి రాబట్టడానికి' అని ఉంది. ఆమె నోటుబుక్కు వైపు చూసింది, అంతే. రవీందరే చీటీ గుంజుకుని చింపేశాడు.

పదకొండింటికి కృష్ణయ్య ఖాళీ క్యాన్లతో వచ్చాడు.

"చాదర్‌ఘాట్ దిక్కు ఊరేగింపని పోలీసులు పోనిస్తలేరు. ఊరంతా చుట్టు తిరిగొచ్చిన. ఏమాయె వీని సంగతి?"

"ఇంక ఏం కొనలే."

"ఇంక టైముంది తియ్," అని ఆయన కొట్టంలో గడ్డిమోపు మీద కూర్చుని కొడుకునే చూడసాగాడు.

రవీందర్‌కు వేళ్లు గుంజాయి. లేచి బర్రెలను కడిగాడు. ఎనిమిదింటినీ కడిగాడు. ఇంకా పన్నెండున్నరే అయింది. మళ్లీ మొదటి బర్రె దగ్గరికి పోయాడు. అది అనుమానంగా వెనక్కి జరిగింది.

"ఇప్పుడెంతున్నదమ్మా రేటు?"

రాజమణి ముడి విప్పి చూసింది. "పొద్దుగాల ఎంతుండెనో గంతే."

"చూసినవా! ఎగిరే ముందు గిట్లనే మెదలకుంట నిలబడతది. ఒక్క యాభై షేర్లమ్మా!"

"ఎగరనియ్. దాని రెక్కలు, దాని ఇష్టం."

రెండింటికి పక్కింటామె షర్బత్ గ్లాసులు పట్టుకుని గేటు దగ్గర పిలిచింది. రాజమణి ఫోన్‌ను మంచం మీద బోర్లించి పోయింది. పోయినామె అక్కడే ముచ్చట పెట్టింది.

మంచం మీద ఫోన్. రెండడుగుల దూరంలో రవీందర్. కొట్టంలోంచి కృష్ణయ్య చూపు.

రవీందర్ చేయి చాచాడు. వేలు ఫోన్‌కు తగిలింది. గోడ పక్కన పాలక్యాన్లు కనిపించాయి. తెల్లవారి నాలుగు గంటలు. జిందగీ మొత్తం.

చేయి వెనక్కి తీసుకున్నాడు. అది మళ్లీ పోయేలా ఉందని రెండు చేతులనూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు. ముక్కు మీద ఈగ వాలింది. చేయి తీయలేదు. కట్టు విప్పుకున్న బర్రె ఒకటి వచ్చి నోటుబుక్కులోంచి ఒక పేజీ తినేసింది. పళ్లు బిగపట్టాడు కానీ అరవలేదు.

రాజమణి తిరిగొచ్చేసరికి అలాగే కూర్చుని ఉన్నాడు. మూడున్నర దాకా అలాగే కూర్చున్నాడు.

"అయిపోయింది బాపు!" అన్నాడు. చేతులు తిమ్మిరెక్కి పైకి లేవలేదు. "ఒక్క రూల్ గూడ తప్పలే."

కృష్ణయ్య లేచి వచ్చాడు. "ఎంత పోయింది?"

"ఏం పోలే."

"ఏం పోలేనా?"

"ఒక్క రూపాయి పోలే బాపు."

మూడు నెలల్లో ఆ ఇంట్లో ఆ మాట వినబడడం అదే మొదటిసారి. కృష్ణయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు. దాంతోనే కళ్లు కూడా తుడుచుకున్నాడు.

"శబాష్ బిడ్డా! నీకు నీ మీద పట్టు దొరికింది. ఇంకో మూడు నెలలు చేసుకో. గానీ గిట్లనే చెయ్యాలె. రోజూ ఫోన్ మీ అమ్మ కొంగుకే ఉండాలె. చీటీ ఆమె ఒప్పుకోనిది ఒక్క షేరు గూడ కొనొద్దు."

"ఒట్టు బాపు. ఇయాళ నాకు తెలిసొచ్చింది. మార్కెట్‌ను గెలుసుడు కాదు, మనల్ని మనం గెలవాలె."

"చాయ్ పెడతా," అని రాజమణి లోపలికి పోయింది.

చదివినవాళ్లు దయచేసి రాజమణిని గుర్తుంచుకోండి, ఎందుకంటే మొహర్రం నాడు షేర్ మార్కెట్ బందుంటుందని ఆ ఇంట్లో తెలిసింది ఆమె ఒక్కదానికే.