తలకిందుల కాగితం

కార్తీకపు నీరెండలో అనపకాయలు ఒలుస్తున్న అత్త వీరమ్మకు సోమక్క నాటకం పుస్తకం చదివి వినిపిస్తోంది. అందులో రాజు యుద్ధానికి బయలుదేరాడు. అంతలో వాకిట్లో పోలీసు పటేలు దగ్గు వినబడింది. వీరమ్మ చప్పున పుస్తకాన్ని తొక్కల కుప్పలోకి తోసింది. ఊళ్లో బడి లేదు; ఆడమనిషికి చదువొచ్చిందంటే దొరల మీద తిరగబడ్డ సంఘంవాళ్లు నేర్పినట్టే.

"సూర్యాపేట మిలిటరీ క్యాంపు కాయిదం. జర సదువు పిల్లా."

"నాకు సదువెక్కడిది పటేలా?"

అతను కాగితాన్ని తలకిందులుగా చేతికిచ్చి, ఆమె వేళ్లవైపే చూస్తూ నిలబడ్డాడు. చదువొచ్చిన చెయ్యి దాన్ని తిప్పకుండా ఉండలేదు. సంఘంలో కలిసి అడవి పట్టే ముందు భర్త అచ్చయ్య ఈ ఎత్తు గురించి చెప్పే వెళ్లాడు. సోమక్క తిప్పలేదు.

కానీ తిప్పకపోయినా అక్షరాలు అక్షరాలే. కాల్చి చంపిన సంఘంవాళ్ల పేర్లవి. మూడో పేరు, ఇంటిపేరుతో సహా, అచ్చయ్యది.

"ఏం కనవడ్తున్నది?" అన్నాడు పటేలు.

"చీమల బారు లెక్క ఉన్నది," అని సోమక్క నవ్వింది.

అతను కాగితం గుంజుకుని వెళ్లిపోయాడు. వీరమ్మ పుస్తకం బయటికి తీసి, కొంగుతో తుడిచి, కోడలి ఒళ్లో పెట్టింది.

"పీడ వోయింది. ఇగ సదువు బిడ్డా, రాజు వాపసొస్తడా?"