ఈరమ్మ నీళ్లు

రెండో దెబ్బకు ల్యాబు తలుపు అద్దం భళ్లున పగిలింది. చేతిలో ఇనుప కడ్డీతో అశ్వత్థప్ప లోపలికి దూసుకొచ్చాడు. బొమ్మనహళ్ళిలో స్లాబులకు ఇనుప కమ్మీ కట్టి బతికే మనిషి. ఆ చేతికి కడ్డీ కొత్త కాదు, దాన్ని మనిషి మీద ఎత్తడమే కొత్త.

“ఎవరయ్యా నువ్వు? బయటికి నడు!” అంటూ అడ్డొచ్చిన లలిత్ నుదురు చిట్లింది. కుప్పకూలి మైక్రోస్కోపు బల్లకింద పడ్డాడు. తెల్లకోటు మీద నెత్తురు బొటబొటా కారుతోంది. కాపలావాడు పోలీసుల్ని పిలుస్తానంటూ అప్పుడే మెట్లు దిగి ఉడాయించాడు. ఇక గదిలో నిలబడి ఉన్నది హరిణి ఒక్కతే.

అశ్వత్థప్పకు కావలసిందీ ఆవిడే. పోయిన నెల క్యాన్సరుతో ఆస్పత్రిలో ఉన్న అతని పెళ్లాం ఈరమ్మ మంచం పక్కన కూర్చుని, ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీళ్లు తీసేటప్పుడు కాసిని పరిశోధనకు ఇమ్మని అడిగింది ఈవిడ. ‘ఇంకొకరికి మేలయితాదంటే తీసుకోమ్మా’ అంది పిచ్చి ఈరమ్మ.

“నా పెండ్లాము నీళ్లు యాడుండాయి?”

“ఈరమ్మగారికి ఎలా ఉంది?”

“పాయ. తెల్లారే పాయ. కింద బండిలో పండుకోనుండాది.” అశ్వత్థప్ప కడ్డీతో కిందికి చూపించాడు. “పొయ్యేముందు ఏమనిందో తెలుసునా? ‘నా నీళ్లు చలిపెట్టెలో పెట్టినారు మామా, నాకు చలేస్తాది’ అనింది. రెండు కంబళ్లు కప్పినా వణికింది. మా ఇండ్లల్లో ఊడిన పన్ను గూడా దాపెట్టి మనిషితోనే పూడుస్తాం. దాన్ని సగమే మట్టికిమ్మంటావా? తే, ఇట్ల తే!”

హరిణి ముఖం పాలిపోయింది. “ఆవిడవి అయిపోయాయండీ. పరీక్షలకే అన్నీ వాడేశాం. నిజం చెబుతున్నాను.”

“వాడేసినారా!”

అశ్వత్థప్పకు కోపం నషాళానికంటింది. కడ్డీ గిర్రున తిరిగింది. అరలోని గాజు సామానంతా ముక్కలు చెక్కలైంది, కంప్యూటరు తెర బద్దలైంది. హరిణి కోటు గల్లా పట్టి గుంజి ఒక్క తోపు తోశాడు. ఆమె వెళ్లి గోడకు కొట్టుకుంది. తలమీది టోపీ ఊడి పడింది. దాని కింద నున్నటి గుండు.

“ఏడుకొండలసామికి తల ఇచ్చొచ్చినట్టుండావే! ఆ నోటితోనే అబద్ధమా?”

హరిణి కుడి డొక్క పట్టుకుని కూలబడి, నోరంతా తెరిచి గాలి పీల్చుకుంటోంది. ఎంత పీల్చినా చాలడం లేదు. భయంతో ఊపిరాడదు మరి! చదువుకున్న పట్నం పిల్ల, ఇలాంటి దెబ్బలు ఎన్నడు తిన్నది గనక? అశ్వత్థప్పకు ఒక్క క్షణం జాలేసింది. అంతలో కింద ఈరమ్మను పెట్టుకుని ఎదురుచూస్తున్న బండివాడు హారన్ కొట్టాడు. ఆ జాలి కాస్తా ఎగిరిపోయింది.

ఫ్రీజరు తలుపు బర్రున లాగాడు. తెల్లటి పొగ బుస్సున బయటికొచ్చింది. లోపల బొటనవేలంతేసి సీసాలు వరసలు వరసలుగా ఉన్నాయి.

“ఏదో చెప్పు. చెప్పకపోతివా, అన్నీ పగలగొడ్తా.”

కడ్డీ లేచేసరికి హరిణి ఎలా వచ్చిందో వచ్చి, ఫ్రీజరుకు అడ్డంగా చేతులు చాచింది.

“కొట్టాలంటే నన్ను కొట్టండి. వీటి జోలికి పోకండి! ఒక్కోటి ఒక్కో మనిషిది. వాళ్లంతా బతికున్నారు. ఎవరికి ఏ మందు పనిచేస్తుందో ఈ నీళ్లను పరీక్షిస్తేనే తేలుతుంది. కొందరికి మళ్లీ తీద్దామన్నా తీసే వీల్లేదు. ఇది కరిగి పాడైపోయిందంటే ఆ మనిషికి ఇక దారి లేదండీ.”

“వాళ్లకు దారి, నా ఈరమ్మకు చలీనా?”

కడ్డీ ఆమె భుజం మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడు బల్లకింద ఉన్న లలిత్‌కు కూడా వినిపించింది. హరిణి కెవ్వుమంది గానీ పక్కకు జరగలేదు. వాడు మళ్లీ ఎత్తాడు. ఈసారి గురి ఆమె మీద కాదు, వెనకున్న సీసాల మీద.

“ఆగండి! ఇస్తాను.”

ఆమె వెతకలేదు. బాగున్న చెయ్యి నేరుగా అడుగు అర మూలకు పోయింది. ఒక సీసా తీసి, పైన పట్టిన మంచు బొటనవేలితో తుడిచి, కాసేపు అలాగే చూసింది.

“పేరు లేదే దీనిమింద?” అన్నాడు అశ్వత్థప్ప.

“పేర్లు రాయం. నంబర్లే.”

“మరి ఇందాక అయిపోయిందంటివే?”

“ఇవ్వడానికి మనసొప్పలేదు.”

ఆమె కళ్లనిండా నీళ్లున్నాయి. ఆ మాట మాత్రం అబద్ధం కాదని అశ్వత్థప్పకు గట్టిగా అనిపించింది. కడ్డీ అక్కడే పారేశాడు. సీసా లాక్కుని, గాజుపెంకులు తొక్కుకుంటూ బయటికి నడిచాడు.

వరండాలో నాలుగడుగులు వేసి ఆగాడు. సీసా చేతిని కాల్చేస్తోంది, అంత చలి. చొక్కా గుండీలు విప్పి దాన్ని గుండెకు అదుముకున్నాడు. పొద్దుటినుంచి రాని ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది.

“ఇంక చలేయదులే, ఈరమ్మా. కరిగిపోతాదిలే ఆ చలంతా,” అని గొణుక్కున్నాడు.

అద్దం లేని తలుపులోంచి లలిత్ మాటలు వినిపించాయి. “ఈరమ్మవి నిజంగానే అయిపోయాయి కదా, హరిణీ. మరి అతనికి ఎవరి సీసా ఇచ్చావు?”

“నాది,” అంది హరిణి.