పొయ్యి మీద పాలు

సూపర్‌వైజరు చేతిలో సుద్దముక్క చెమటకి తడిసిపోయింది. నల్లబల్ల మీద ‘మీ సేవలకు మా’ అని రాసి ఆగిపోయాడు. తర్వాత రావలసిన మాట ‘కృతజ్ఞతలు’. అదెలా రాయాలో ఆయనకి తెలియదు.

పక్క గదిలో డ్రైవర్లూ కండక్టర్లూ టీలు తాగుతున్నారు. బదిలీ మీద వెళ్తున్న ఎంక్వైరీ గుమాస్తాకి ఇవాళ వీడ్కోలు. ఇంకాసేపట్లో అందరూ ఈ బల్ల ముందుకే వస్తారు.

బీరువాలోంచి నిఘంటువు తీశాడు. ‘క్రు’లో వెతికాడు. లేదు. ఆ పుస్తకంతో వచ్చిన చిక్కే అది. ఎలా రాయాలో తెలిస్తే తప్ప మాట దొరకదు. తెలిసినవాడికి దాంతో పనేముంది?

డ్రైవరుగా చేరి, స్టీరింగ్ తిప్పీ తిప్పీ ఈ కుర్చీ ఎక్కిన మనిషి. బండి ఏ గేరులో మూలుగుతోందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. వత్తుల దగ్గరికొచ్చేసరికే చుక్కలు కనిపిస్తాయి. కొత్తలో ఓసారి ఇదే బల్ల మీద ‘అదిక వేగం ప్రమాదం’ అని రాశాడు.

“వత్తు దగ్గర బండి ఆపలేదేంటి సార్?” అన్నాడొక డ్రైవరు. డిపో అంతా గొల్లున నవ్వింది. ఆయనకి తల కొట్టేసినట్టయింది.

అందరికంటే గుమాస్తా ముందు మరీ సిగ్గు. నిజానికి ఆ కుర్చీ గుమాస్తాకి రావలసింది. అతని దస్తూరీ ముత్యాలకోవ. ఆ ఉక్రోషంతోనే అతని రాతల్లో లేని తప్పులు వెతికి, నలుగురిలో చీవాట్లు పెట్టేవాడు.

బల్ల దగ్గర నవ్వులపాలైనప్పట్నుంచీ ఆయన్ని గట్టెక్కిస్తున్నది భార్య. చదువుకున్న పిల్ల అని చెప్పి మరీ పెళ్ళి చేశారు. ఫోన్ చేస్తే చాలు.

“ఉండండి, పొయ్యి మీద పాలున్నాయి, నేనే చేస్తా,” అని పెట్టేసేది. కాసేపటికి చేసి, అక్షరం అక్షరం విడదీసి చెప్పేది. ఆ పాలేమిటో గానీ, ఏ వేళ చేసినా పొయ్యి మీదే ఉండేవి.

ఆ కాసేపూ ఆయనకి ముళ్ళ మీద కూర్చున్నట్టుండేది. సరిగ్గా అప్పుడే తన గది అద్దం అవతల గుమాస్తా ఫోన్ గణగణా మోగి, ఉన్న చిరాకుని రెట్టింపు చేసేది. గుమాస్తా వీపు తిప్పుకుని, గొంతు తగ్గించి ఏదో చెప్పేవాడు.

“ఎవరయ్యా? ఎంతసేపా సొద?” అని ఓసారి కసిరాడు కూడా.

“ఎంక్వైరీ సార్. దారి తెలియక అడుగుతున్నారు పాపం,” అన్నాడు గుమాస్తా, తలెత్తకుండా.

ఇప్పుడవన్నీ గుర్తొచ్చి సూపర్‌వైజరుకి తన మీద తనకే రోత పుట్టింది. అన్ని మాటలు పడ్డ మనిషి వెళ్ళిపోతున్నాడు. అతనికి ఒక్క మంచిమాట, అదీ తప్పు లేకుండా, రాసివ్వలేకపోతే ఇంకెందుకీ కుర్చీ? అతని ముందే మళ్ళీ అందరూ నవ్వితే ఇక ఈ డిపోలో తలెత్తుకోలేడు. గబగబా ఇంటికి ఫోన్ చేశాడు.

“తొందరగా చెప్పు. కృతజ్ఞత ఎలా రాస్తారు?”

“అయ్యో, ఉండండి, పొయ్యి మీద పాలున్నాయి, నేనే చేస్తా.”

పెట్టేసింది. పక్క గదిలో కుర్చీలు జరుపుతున్న చప్పుడు. లేచినట్టున్నారు. అద్దం అవతల, గుమాస్తా ఖాళీ చేసిన బల్ల మీద ఫోన్ మోగడం మొదలెట్టింది. తీసేవాళ్ళు లేరు. అది ఆగేలా లేదు.

“ఈ ఎంక్వైరీకి ఇప్పుడే వేళైందా!” అని విసుక్కుంటూ వెళ్ళి రిసీవర్ ఎత్తాడు.

ఆయన నోరు తెరిచేలోపే అవతల నుంచి భార్య గొంతు గబగబా అందుకుంది: “అన్నయ్యగారూ, మళ్ళీ నేనే, ఆయనకి మాత్రం తెలియనివ్వకండేం, ‘కృతజ్ఞత’ ఎలా రాస్తారో కాస్త చెబుదురూ!”