ఒక్కక్షరం గారు

ఒక్కక్షరం గారంటే ప్రోగ్రామరుకి ఒళ్లుమంట.

ఆ పేరు పెట్టింది కూడా అతనే. అసలు పేరు అడిగే ఓపిక లేకపోయింది.

సాయంత్రం ఆఫీసు పలచబడే వేళకి, మెట్ల పక్క గదిలో ఫోను మోగేది.

"సార్, ఇవాళ కూడా ఒక్కక్షరం పక్కకి జరిగిందండీ."

ప్రోగ్రామరు తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఎవరైనా రాసిన కోడ్‌ని చదివి, ఫలానా లైనులో ఫలానా అక్షరం దగ్గర తప్పుందని మాటల్లో చెబుతుంది. కోడ్‌లో ఏదైనా మార్చినప్పుడల్లా మొదటి నుంచీ లెక్కపెట్టుకుంటూ రాదు. తెరిచినప్పుడు ఒక్కసారే అలా లెక్కపెడుతుంది. ఆ తర్వాత మార్చిన చోట ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అన్నది మాత్రం చూసుకుని, పాత లెక్కని అంతమేరకే సవరించి ముందుకు పోతుంది. అందుకే చిటికెలో చెప్పేస్తుంది.

ఆ కిటుకు అతని సొంతం. బడి మధ్యలో మానేసినవాడికి, డిగ్రీలవాళ్ల మధ్య తలెత్తుకు తిరగడానికి ఉన్న ఆధారం అదొక్కటే.

ఇప్పుడు అదీ లేదు. మేనేజరు బయటి నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. తప్పు కింద ఎర్రగా గీత గీసి చూపిస్తుంది. వాడేవాళ్లంతా అటు పోయారు. తోటివాళ్లు పై అంతస్తుకి పోయారు. ఇతన్నీ, ఇతని పాత సరుకునీ విరిగిన కుర్చీలతో పాటు ఈ గదిలో పెట్టారు.

మిగిలింది ఒక్కక్షరం గారే.

"పొద్దున బాగానే చెబుతుందండీ. సాయంత్రానికి జరుగుతోంది."

"సాయంత్రానికి అక్షరాలకి కాళ్లొస్తాయేంటండీ?"

అవతలివాడు నవ్వాడు. "రావనే నేనూ అనుకున్నాను సార్."

అతని వెనకాల ఒక ఆడగొంతు ఊపిరి కూడా తీసుకోకుండా గబగబా ఏదో చెప్పుకుపోతోంది. ఏ రోజు ఫోను చేసినా అంతే.

"ముందు మీ ఆవిడని కాసేపు ఆగమనండి. వింటున్న నాకే తల తిరుగుతోంది, మీకు పనెలా సాగుతోందండీ?"

"ఆవిడ ఆగితేనే సాగదు సార్."

ప్రోగ్రామరుకి తన ఇల్లు గుర్తొచ్చింది. భార్య వెళ్లిపోయాక అతని ఇంట్లో చప్పుడు చేసేది కారే కుళాయి ఒక్కటే.

ఆ కచ్చతోనే అన్నాడు. "ఒక్క అక్షరమే కదండీ. అక్కడే పక్కన ఏడుస్తుంటుంది. చూసి దిద్దుకోండి."

అవతల ఆడగొంతు ఆగకుండా సాగుతూనే ఉంది.

"చెప్పిన చోట లేకపోతే, లైనంతా మొదట్నుంచీ ఒక్కో అక్షరమే వెతుక్కోవాలి సార్. అందరూ మధ్యాహ్నానికి ముగించే పని నాకు పొద్దుగూకినా తెమలడం లేదు. కొత్త ఉద్యోగం. ఉంచుకోవాలో వద్దో నెలాఖరుకి చెబుతామన్నారు."

"అయితే కొత్తదానికి మారిపోండి. ఎర్రగా గీత గీస్తుంది. పసిపిల్లాడైనా పట్టేస్తాడు."

"నాకు మీదే కావాలి సార్. నా కోడ్ పంపించాను, ఒక్కసారి చూడండి."

కాకా పడుతున్నాడనుకున్నాడు ప్రోగ్రామరు.

"చూస్తాలెండి" అని పెట్టేశాడు.

చూడలేదు. తప్పు తన కిటుకులోనే ఉందేమోనని వెతకడానికి మనసొప్పలేదు.

నెల మారింది. ఫోను మోగడం మానేసింది.

మొదట్లో పీడ విరగడైందనుకున్నాడు. తర్వాత్తర్వాత, సాయంత్రమయ్యేసరికి చెయ్యి దానంతటదే ఫోను మీదికి పోయేది. ఎత్తి, పనిచేస్తోందో లేదో విని, పెట్టేసేవాడు. ఆ వాగుడుకాయ గొంతైనా వినపడితే బాగుండుననిపించేది.

ఉండబట్టలేక, ఒక్కక్షరం గారు పంపిన కోడ్ తెరిచాడు. పొద్దుణ్నుంచీ పనిచేసే మనిషిలాగే ఒక్కో మార్పూ చేసుకుంటూ వచ్చాడు. ఒకచోట రెండు లైన్లని కలిపి ఒకటి చేశాడు.

జరిగింది.

ప్రతి లైను చివరా కంప్యూటర్ ఒక గుర్తు పెట్టుకుంటుంది. తెర మీద కనబడదు గానీ అదీ ఒక అక్షరం కిందే లెక్క. లైన్లు కలిపితే ఆ గుర్తు పోతుంది. పోయినదాన్ని లెక్కలోంచి తియ్యమని అతను రాయలేదు. అక్కడి నుంచి కింది లెక్కంతా ఆ తప్పు మీదే నిలబడి ఒక్కక్షరం పక్కకి పోతోంది.

కంటికి కనబడనిది కదా, అతనికి తోచలేదు.

టీ చల్లారేలోపు సరిచేశాడు. ఇంత చిన్నదా అనుకున్నాడు.

ఆ సాయంత్రం మొదటిసారి తనే ఫోను చేశాడు. ఒకమ్మాయి ఎత్తింది. వెనకాల చడీచప్పుడూ లేదు.

"అన్నయ్య పడుకున్నాడండీ. ఎవరు మాట్లాడేది?"

"ఆ సాఫ్ట్‌వేర్ నాదేనమ్మా. అక్షరం జరగడం సరిచేశానని చెప్పు. ఇక జరగదని చెప్పు."

"మీరేనా? ఇప్పుడెందుకండీ? పని నిదానమని నెలాఖరుకే తీసేశారు."

ప్రోగ్రామరు మాట మార్చాడు.

"మీ వదినగారి గొంతు వినపడటం లేదు ఇవాళ."

"వదినెక్కడిదండీ, అన్నయ్యకి పెళ్లే కాలేదు. అది కంప్యూటర్ గొంతు. తెర మీదున్నదంతా చదువుతుంటుంది. ఇంకేం పనిలే అని కట్టేశాడు."

"కొత్తదానికి మారమని నేను ముందే చెప్పానమ్మా. ఎర్రగా గీత కూడా గీస్తుందని."

"చెప్పాడండీ. అన్నీ గీతలే గీస్తాయట, మీదొక్కటే చోటు మాటల్లో చెబుతుందట." అమ్మాయి గొంతులో కోపం లేదు. "చూపు లేనివాడు గీతల్నేం చేసుకుంటాడండీ?"